గ్రేప్‌ఫ్రూట్ అంటే ద్రాక్ష కాదు, బత్తాయీ కాదు: కొలెస్ట్రాల్ మాత్ర వేసుకునేవాళ్లు ఏ రసం తాగొచ్చు?

మీరు రాసినదాన్ని నాకు అర్థమైనట్టు ముందు చెప్తాను, తేడా ఉంటే సరిచేయండి. నాన్నగారికి 68 ఏళ్లు. రెండేళ్ల క్రితం స్టెంటు వేశారు. నల్గొండ నుంచి ఆరు నెలలు ఉండటానికి డాలస్‌లో మీ దగ్గరికి వచ్చారు. పొద్దున బీపీకి ఆమ్లోడిపిన్ 5, మధ్యాహ్నం రక్తం గడ్డకట్టకుండా క్లోపిడోగ్రెల్ 75, రాత్రి కొలెస్ట్రాల్‌కి అటోర్వాస్టాటిన్ 40. ఇంటి దగ్గర రోజూ ఒక గ్లాసు బత్తాయి రసం తాగే మనిషి. అక్కడ బత్తాయి దొరకలేదని మీరు ఎర్ర గ్రేప్‌ఫ్రూట్ జ్యూస్ తెస్తే, ఆ చిరుచేదు ఆయనకి బాగా నచ్చింది. తెచ్చుకున్న మాత్రలు అయిపోయి అక్కడే కొంటే, ఆ డబ్బా మీద గ్రేప్‌ఫ్రూట్ గురించి హెచ్చరిక స్టిక్కర్ కనిపించింది. పుల్లటి పళ్లన్నీ మానేయాలా, పొద్దున జ్యూస్ రాత్రి మాత్ర అయితే పర్వాలేదా, ఇప్పటిదాకా తాగినదానికి ఏమైనా అయి ఉంటుందా అని మీ ప్రశ్న.

నేను డాక్టర్ని కాదు, ఫార్మసిస్టుని. మొదట మెడికల్ షాపు కౌంటర్ వెనక, తర్వాత ఆస్పత్రి ఫార్మసీలో, మొత్తం 27 ఏళ్లు. ఈ ప్రశ్న నాకు కొత్త కాదు, అమెరికా వెళ్లొచ్చిన ప్రతి అమ్మానాన్నా అడిగేదే.

ముందు జవాబు చెప్పేస్తాను. గ్రేప్‌ఫ్రూట్ ఆపేయండి. మాత్ర మాత్రం ఆపకండి. బత్తాయి, కమలా, నిమ్మ మానాల్సిన పని లేదు. ఇప్పటిదాకా ఒళ్లు నొప్పులు, నీరసం లేకుండా మామూలుగా తిరుగుతున్నారంటే కంగారు పడాల్సిందీ లేదు, డాక్టర్‌కి ఒక మాట చెప్తే చాలు. ఎందుకో తెలుసుకోవాలంటే మిగతాది చదవండి.

అసలు గందరగోళం పేరు దగ్గరే మొదలవుతుంది. ఒక పెద్దాయన మా కౌంటర్ దగ్గరికి వచ్చి, "ఏడాదిగా ద్రాక్షపళ్లు ముట్టలేదమ్మా, మనవలు తింటుంటే చూస్తూ కూర్చుంటున్నా" అన్నారు. ఎందుకండీ అంటే జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశారు. అబ్బాయి మందు కాగితాన్ని ఫోన్‌లో తెలుగులోకి మార్చి ప్రింట్ తీసి ఇచ్చాడట. గ్రేప్‌ఫ్రూట్ అని ఉన్నచోటల్లా "ద్రాక్షపండు" అని వచ్చింది. పాపం ఏడాది పాటు ద్రాక్ష మానేశారు. ఇంకా తమాషా ఏమిటంటే, కూతురి ఇంటికి వెళ్లినప్పుడు గ్రేప్‌ఫ్రూట్ తిన్నారు, అది బత్తాయిలాగా ఉంది కాబట్టి! ద్రాక్షకీ దీనికీ సంబంధం లేదు. చెట్టుకి గుత్తులుగా కాస్తుంది కాబట్టి ఇంగ్లీషులో ఆ పేరు పడిందంటారు, అంతే.

గ్రేప్‌ఫ్రూట్‌కి మన దగ్గరి చుట్టం పంపరపనస. గోదావరి జిల్లాల పెరళ్లలో కాస్తుంది చూడండి, పిల్లవాడి తలకాయంత ఉంటుంది, మందపాటి తొక్క, లోపల తెల్లగానో గులాబీ రంగుగానో తొనలు. ఆ పంపరపనసకీ తియ్య నారింజకీ కలిసి కరీబియన్ దీవుల్లో, బార్బడోస్ ప్రాంతంలో, 18వ శతాబ్దంలో పుట్టిన సంకరం గ్రేప్‌ఫ్రూట్. టెక్సస్‌లో ఎర్ర గ్రేప్‌ఫ్రూట్ రాష్ట్ర పండు కూడా. మీ డాలస్ షాపుల్లో గుట్టలుగా కనిపించేది అందుకే.

గొడవ పెట్టేది పులుపు కాదు, విటమిన్ సి కాదు. ఫ్యూరనోకూమరిన్లు అనే పదార్థాలు. బెర్గమాటిన్ అనేది అందులో ముఖ్యమైనది. ఇవి గ్రేప్‌ఫ్రూట్‌కి పంపరపనస నుంచి వచ్చాయి. మార్మలేడ్ అనే నారింజ జామ్‌కి వాడే సెవిల్ చేదు నారింజలో కూడా ఉంటాయి. మన బత్తాయి వేరు. నల్గొండలో బత్తాయి అన్నా, అనంతపురంలో చీనీ అన్నా అది సాత్‌గుడి రకం తియ్య నారింజ. ఇంగ్లీషులో దాన్ని "స్వీట్ లైమ్" అనడం వల్ల నిమ్మ జాతి అనుకుంటారు గానీ కాదు. నాగపూర్ కమలా కూడా వేరే జాతి. వీటికి స్టాటిన్ మాత్రలతో, అంటే అటోర్వాస్టాటిన్ లాంటి కొలెస్ట్రాల్ మాత్రలతో, ఈ రకం పేచీ లేదు. నిమ్మకాయ విషయానికొస్తే, మనం వాడేది చెంచాల లెక్క. పప్పులో పిండుకునే అర చెక్క నిమ్మకాయకి భయపడి చప్పిడి పప్పు తినక్కర్లేదు. ఒక్క జాగ్రత్త: కొన్ని ఊళ్లలో నారింజ అంటే పులుపు, చేదు కలిసిన పచ్చడి కాయ. నేను ఇక్కడ తియ్య నారింజ అన్నది ఆ కాయని కాదు.

ఇక లోపల జరిగేదేమిటంటే. మన చిన్నపేగు గోడలో సీవైపీ3ఏ4 అనే ఎంజైమ్ ఉంటుంది. మింగిన కొన్ని మందుల్ని అది రక్తంలోకి చేరకముందే చాలావరకు విరిచేస్తుంది. ఊళ్లో వంద బస్తాలు బండికెక్కించారనుకోండి, దారిలో చిల్లులు పడి మార్కెట్‌కి ఐదే చేరాయి. సింవాస్టాటిన్ అనే ఇంకో స్టాటిన్ సంగతి అచ్చంగా ఇదే, మింగినదాంట్లో రక్తంలోకి చేరేది 5 శాతం కూడా ఉండదు. అటోర్వాస్టాటిన్‌లో సుమారు 14 శాతం చేరుతుంది. ఈ నష్టం లెక్కలో పెట్టుకునే కంపెనీ డోసు నిర్ణయిస్తుంది. గ్రేప్‌ఫ్రూట్ రసం తాగితే ఆ చిల్లులు మూసుకుపోతాయి. ఐదు బస్తాలకి లెక్క కట్టినచోటికి పదిహేను వచ్చి పడతాయి. వేసుకున్న మాత్ర ఒకటే, ఒంట్లో పడ్డ డోసు మాత్రం రెండు మూడు మాత్రలది.

ఇది ఎలా బయటపడిందో కూడా చెప్పాలి, ఎందుకంటే ఎవరూ వెతికి పట్టుకున్నది కాదు. కెనడాలో ఒంటారియో రాష్ట్రపు లండన్ నగరంలో డేవిడ్ బెయిలీ అనే పరిశోధకుడు ఫెలోడిపిన్ అనే బీపీ మందుకీ మద్యానికీ సంబంధం చూస్తున్నాడు. తాగేవాళ్లకి మద్యం రుచి తెలియకూడదని గ్రేప్‌ఫ్రూట్ రసంలో కలిపాడు. తీరా చూస్తే మందు రక్తంలో ఉండాల్సినదానికంటే చాలా ఎక్కువ ఉంది. తప్పు మద్యానిది కాదు, రసానిది! ఇది 1989లో అచ్చయింది, 1991లో లాన్సెట్ పత్రికలో వచ్చాక అందరూ పట్టించుకున్నారు. ఇప్పుడు ఈ రసంతో పేచీ పెట్టుకునే మందులు 85కి పైగా ఉన్నాయని బెయిలీ బృందమే తర్వాత లెక్క రాసింది.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. పొద్దున జ్యూస్, రాత్రి మాత్ర. అందరూ ఇదే ఉపాయం ఆలోచిస్తారు, నిజానికి తెలివైన ఆలోచనే. ఆయుర్వేద మందుకీ ఇంగ్లీషు మందుకీ మధ్య అరగంట గ్యాప్ ఇచ్చే అలవాటు మనది. కానీ ఇక్కడ పారదు. ఫ్యూరనోకూమరిన్లు ఎంజైమ్‌ని కాసేపు పక్కకి నెట్టవు, చంపేస్తాయి. పేగు కణాలు కొత్త ఎంజైమ్ తయారు చేసుకోవాలి, దానికి ఒకటి రెండు రోజులు, పూర్తిగా కోలుకోవాలంటే మూడు రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. రోజూ ఒక గ్లాసు తాగే మనిషికి ఎంజైమ్ ఎప్పటికీ కోలుకోదు. ఫిన్లాండ్ పరిశోధకులు ఇది కొలిచి చూశారు. గట్టి రసం రోజుకి మూడుసార్లు ఇచ్చి, చివరి గ్లాసు తర్వాత 24 గంటలు ఆగి సింవాస్టాటిన్ ఇస్తే, అప్పటికీ మందు మామూలుకి రెండింతలు ఉంది. వారం తర్వాత గానీ మామూలు స్థాయికి రాలేదు. నాన్నగారి మాత్ర అటోర్వాస్టాటిన్ కాబట్టి ఇంకా సూటిగా చెప్తాను: 2016లో బ్రిటన్ పరిశోధకులు ఇలాంటి అధ్యయనాలన్నీ కలిపి చూసి, రోజుకి ఒక గ్లాసు గ్రేప్‌ఫ్రూట్ రసంతో అటోర్వాస్టాటిన్ రక్తంలో సుమారు 80 శాతం పెరుగుతుందని, మాత్ర ఎప్పుడు వేసుకున్నా పెద్ద తేడా లేదని తేల్చారు. సింవాస్టాటిన్, లోవాస్టాటిన్ అయితే రసంతోపాటు వేసుకుంటే 260 శాతం, 12 గంటల తేడాతో వేసుకుంటే 90 శాతం.

అదే వ్యాసంలో వాళ్లు ఇంకో మాట కూడా అన్నారు, నిజాయితీగా చెప్పాలి. ఈ పెరుగుదల వల్ల కండరాలకి కలిగే అదనపు ప్రమాదం చాలా చిన్నదనీ, దానికోసం జనాన్ని రసం మానిపించక్కర్లేదనీ వాళ్ల వాదన. అమెరికాలో అటోర్వాస్టాటిన్ కాగితం మీద కూడా "రోజుకి 1.2 లీటర్లకి మించి వద్దు" అనే ఉంటుంది, ఒక్క చుక్క కూడా వద్దని ఉండదు. సింవాస్టాటిన్, లోవాస్టాటిన్‌లకి మాత్రం పూర్తిగా వద్దని ఉంటుంది. అంటే మీరు ఇన్ని వారాలూ పోసిన ఒక్కో గ్లాసు విషం కాదు. ఈ రాత్రి హాయిగా నిద్రపోండి.

మరి ఆపేయమని ఎందుకు అంటున్నాను? స్టాటిన్ కోసం కాదు. నాన్నగారి స్టెంటు కోసం. క్లోపిడోగ్రెల్ మింగినప్పుడు అది పనిచేసే రూపంలో ఉండదు. ఒంట్లో ఎంజైములు దాన్ని మార్చాలి. గ్రేప్‌ఫ్రూట్ రసం ఆ మార్పుని బాగా తగ్గిస్తుందని పరిశోధనలో తేలింది. అంటే స్టాటిన్ ఎక్కువవుతుంటే, రక్తం గడ్డకట్టకుండా చూసే మందు తక్కువవుతోంది. స్టెంటు ఉన్న మనిషికి ఇది నాకు ఏమాత్రం నచ్చని పొత్తు. క్లోపిడోగ్రెల్ బదులు టికాగ్రెలార్ వాడేవాళ్లకి వ్యవహారం తలకిందులు, అది రక్తంలో పెరిగి, రక్తస్రావం భయం ఎక్కువవుతుంది. రెండువైపులా నష్టమే. డబ్బా మీద స్టిక్కర్ ఒక మాత్ర గురించి మాట్లాడుతుంది, మనిషి మింగేది మూడు. మీరు ఈ వారంలోనే డాక్టర్‌కో అక్కడి ఫార్మసీకో ఫోన్ చేసి, "క్లోపిడోగ్రెల్ వేసుకుంటూ ఇన్ని వారాలు గ్రేప్‌ఫ్రూట్ తాగారు" అని ఒక మాట చెప్పండి.

మాత్ర మార్చుకునే దారి కూడా ఉంది. రోజువాస్టాటిన్, ప్రవాస్టాటిన్, పిటవాస్టాటిన్, ఫ్లువాస్టాటిన్ ఈ ఎంజైమ్ మీద ఆధారపడవు, గ్రేప్‌ఫ్రూట్‌తో చెప్పుకోదగ్గ పేచీ వాటికి లేదు. కానీ పండు కోసం మాత్ర మార్చమని నేను అడగను. రెండేళ్లుగా ఒంటికి పడిన మాత్ర, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) అదుపులో ఉంటే కదపడం ఎందుకు? ఒకవేళ డాక్టరే రోజువా రాస్తే ఒక చిన్న సంగతి గుర్తుంచుకోండి: కడుపు మంటకి మనం తాగే అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న యాంటాసిడ్ సిరప్ దాన్ని సగానికి తగ్గిస్తుంది. రోజువా వేసుకున్న రెండు గంటల తర్వాతే సిరప్ తాగాలి. ఇక్కడ గ్యాప్ పనిచేస్తుంది చూడండి. ఇంకోటి, మన ఆసియా వాళ్ల రక్తంలో రోజువా ఎక్కువగా చేరుతుంది కాబట్టి అమెరికాలో 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టమని రాసి ఉంటుంది. ఇక్కడ 20 వేసుకునేవారికి అక్కడ 5 రాస్తే డాక్టర్ పొరపాటు చేశాడనుకోకండి.

ఇప్పుడు మీరు అడగని విషయం. నా అనుభవంలో మన ఊళ్లలో గ్రేప్‌ఫ్రూట్ వల్ల ఇబ్బంది పడ్డవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అదే ఎంజైమ్‌ని ఆపేసే మందుల వల్ల ఇబ్బంది పడ్డవాళ్లని చాలామందిని చూశాను. ఒక రిటైర్డ్ టీచరమ్మ మెట్లెక్కలేక రెయిలింగ్ పట్టుకుని వచ్చారు. రెండు తొడలూ, భుజాలూ కొట్టినట్టు నొప్పి. స్టాటిన్ నాలుగేళ్లుగా వాడుతున్నారు, ఎప్పుడూ ఏమీ కాలేదు. ఏమైనా కొత్త మందు మొదలుపెట్టారా అంటే లేదన్నారు. సంచీ బోర్లించమన్నాను. అడుగున ఒక క్యాప్సూల్ స్ట్రిప్, ఇట్రాకొనజోల్. నడుము దగ్గర తామర వస్తే చర్మం డాక్టర్ రాశారట. "అది తామరకి కదండీ, గుండె మందు కాదుగా" అన్నారావిడ. ఆవిడ దృష్టిలో నేను అడిగింది గుండె మందుల గురించే. డాక్టర్‌తో మాట్లాడి, కండరాలు దెబ్బతిన్నాయేమో చూపించే సీపీకే రక్తపరీక్ష చేయిస్తే బాగా ఎక్కువ వచ్చింది. ఆ కోర్సు అయ్యేదాకా స్టాటిన్ ఆపారు, తర్వాత అంతా సర్దుకుంది.

ఇట్రాకొనజోల్, కీటోకొనజోల్ మాత్రలు, క్లారిథ్రోమైసిన్ యాంటీబయోటిక్, గుండెకి వాడే డిల్టియాజెమ్, వెరాపమిల్, ఇవన్నీ ఆ కోవలోవే. ఇట్రాకొనజోల్‌తో సింవాస్టాటిన్ అసలు వేసుకోకూడదు. ఇట్రాకొనజోల్‌తో గానీ క్లారిథ్రోమైసిన్‌తో గానీ అటోర్వాస్టాటిన్ వేసుకుంటే 20 మిల్లీగ్రాములు దాటకూడదు, నాన్నగారిది 40. మన దగ్గర తామరకి వారాల తరబడి ఇట్రాకొనజోల్ వాడటం ఎంత మామూలో మీకు తెలియంది కాదు. దగ్గుకి క్లారిథ్రోమైసిన్ కూడా అంతే. ఆమ్లోడిపిన్‌తో అటోర్వాకి పెద్ద గొడవ లేదు. సింవాస్టాటిన్ అయితే ఆమ్లోడిపిన్ పక్కన 20 దాటనివ్వరు.

అమెరికాలో ఇంకో వల ఉంది. "నేచురల్" అని రాసి అమ్మే రెడ్ ఈస్ట్ రైస్ క్యాప్సూల్స్. ఎర్ర బియ్యం కదా అని పిల్లలు అమ్మానాన్నలకి కొనిపెడతారు. అందులో ఉండే మొనకోలిన్ కె అనేది లోవాస్టాటిన్‌తో అక్షరాలా ఒకటే పదార్థం. అంటే అటోర్వా మీద ఇంకో స్టాటిన్, పైగా ఒక్కో బ్రాండులో ఒక్కో మోతాదు. అది ఇంట్లో ఉంటే తీసేయండి. జ్యూస్ కొనేటప్పుడు కూడా లేబుల్ చూడండి, మిక్స్‌డ్ సిట్రస్ రసాల్లోనూ కొన్ని కూల్‌డ్రింకుల్లోనూ గ్రేప్‌ఫ్రూట్ కలిసి ఉంటుంది.

మూడో ప్రశ్నకి జవాబు నాన్నగారి కాళ్లు చెప్తాయి. వయసు మీద పడ్డాక మోకాళ్లు నొప్పి పుట్టడం స్టాటిన్ తప్పు కాదు, అది కీలు నొప్పి. స్టాటిన్ నొప్పి కండలో ఉంటుంది, రెండువైపులా సమానంగా, ఎక్కువగా తొడలు, పిక్కలు, భుజాలు. కూర్చున్న చోటునుంచి చేతులు ఆనించకుండా లేవలేకపోవడం, పైషెల్ఫ్‌లో డబ్బా అందుకోవడానికి చెయ్యి లేవకపోవడం. ఇలాంటివి కొత్తగా మొదలైతే డాక్టర్‌కి చెప్పి సీపీకే చేయించాలి. మూత్రం డికాక్షన్ రంగులో వస్తే మాత్రం ఫోన్ కాల్స్ వద్దు, నేరుగా ఎమర్జెన్సీకి. కండరాలు కరిగి కిడ్నీల మీద పడుతున్నాయని దానర్థం. భయపెట్టడానికి కాదు, అది చాలా అరుదు, పదివేల మందిలో ఒకరికి కూడా రాదు. వయసు, థైరాయిడ్ తక్కువగా ఉండటం, కిడ్నీ జబ్బు, ఇప్పుడు చెప్పిన మందుల పొత్తు, ఇవి కలిస్తే అవకాశం పెరుగుతుంది.

అంతకంటే నన్ను ఎక్కువ భయపెట్టేది వేరే. జ్యూస్‌కీ మాత్రకీ పడదని చదివి, జ్యూస్ ఉంచుకుని మాత్ర మానేసేవాళ్లున్నారు. "పండు సహజం, మాత్ర కెమికల్" అని ఒక లెక్క. స్టెంటు వేసిన నాళంలో మళ్లీ పూడిక రాకుండా కాస్తున్న వాటిల్లో ఆ మాత్ర ఒకటి. నాన్నగారికి మీరు ఈ విషయం చెప్పేటప్పుడు "జ్యూస్ మానేయాలి" అని ఆపకండి, "మాత్ర మానకూడదు" అని కూడా అదే ఊపిరిలో చెప్పండి.

గ్రేప్‌ఫ్రూట్ బదులు అక్కడ నేవెల్, వాలెన్సియా నారింజలు దొరుకుతాయి, బత్తాయి రుచికి దగ్గరగా ఉండేవి అవే. రసం తీసే బదులు తొనలు తినమనండి. ఆయనకి షుగర్ ఉందో లేదో మీరు రాయలేదు, ఉంటే రోజూ గ్లాసు రసం స్టాటిన్ కంటే ముందు షుగర్ దగ్గర లెక్క తేలుస్తుంది. మాత్రలు మాత్రం నీళ్లతోనే మింగాలి. నారింజ రసం కూడా కొన్ని మందుల్ని పేగులోంచి లోపలికి పోనివ్వదు. డస్ట్ ఎలర్జీకి వేసుకునే ఫెక్సోఫెనడిన్ అందులో ఒకటి, జ్యూస్‌తో మింగితే సగం వృథా. డాలస్ పుప్పొడికి ఆయన తుమ్ముతుంటే పనికొచ్చే సంగతే ఇది.

చివరగా, సూట్‌కేసులో దబ్బకాయ పచ్చడి తెచ్చుకున్నారా? అడగలేదు గానీ అడుగుతారని తెలుసు. అన్నంలో నంజుకునే ఒకటి రెండు ముక్కలకీ గ్లాసుడు గ్రేప్‌ఫ్రూట్ రసానికీ పోలిక లేదు, స్టాటిన్ కోసమైతే నేను ఆ జాడీ దాచను. బీపీ మనిషి కదా, అందులో ఉప్పు చూసి దాస్తాను.